రాయని నీళ్లు

"పొద్దుట్నుంచి మూడు చెంచాల నీళ్లేనా అమ్మా? ఇంకేం పట్టలేదుగా?" చార్టు చూస్తూ అడిగింది నర్సు.

"పడితే రాయనా సిస్టర్?" అంటూనే రోగి భార్య ఖాళీ సీసాని కాలితో మంచం కిందికి నెట్టేసింది. ఆపరేషనైన దగ్గర్నుంచీ ఆయన దాహం, దాహమని ప్రాణం తోడేస్తుంటే మనసొప్పలేదు మరి.

"అయితే రక్తంలో ఉప్పు ఇంతలా ఎందుకు పడిపోయింది? ఒంట్లో నీళ్లెక్కువైతే మెదడు వాస్తుందమ్మా!"

ఆమె వంగి ఖాళీ సీసాని బయటికి లాగింది. "నాలుగు సీసాలు... నేనే పట్టాను."

నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది.

ఆయన కళ్లు తెరిచి, ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? ఆ సిస్టర్ వచ్చేలోగా కాసిని నీళ్లు పొయ్యి. మా ఆవిడుంటే అడగ్గానే పోసేది."