తలాపి చెక్క

"బాబూ, ఆ మేకు అక్కడ కొట్టకండి. చెక్క చీలిపోతుంది."

మహిపాల్ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంచి తల తిప్పాడు.

గేటు బయట అరవై అయిదేళ్ల మనిషి. భుజాన పనిముట్ల సంచి. వెనక గల్లీలో కౌసల్యమ్మ రేకుల గదిలోకి ఈమధ్యే కిరాయికి వచ్చిన వడ్రంగి.

"నాకెరికే. మీరు పోండ్రి," అన్నాడు మహిపాల్.

కొట్టాడు. చెక్క నిలువునా చీలింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన మహిపాల్ పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ శిబిరానికి పోతాడు. నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి సరూర్‌నగర్‌లో ఇల్లు చేరతాడు.

పడకగది కొత్తగా చేద్దామని భార్య జ్యోతిక ఏడాదిగా అంటోంది. గోడలకు రంగు ఆమే వేసింది. మంచానికి తలవైపు ఆనుకునే తలాపి చెక్క నేను చేస్తానని మహిపాల్ మాటిచ్చి, ఎల్బీనగర్‌లో పాత టేకు తలుపులు కొనుక్కొచ్చాడు.

నాలుగు రోజులైనా ఆ చెక్కలు ఒకదానికొకటి అతకలేదు. వీపు ఆనిస్తే చాలు, కిర్రుమని వెనక్కి వాలేవి.

చెక్క చీలిన మర్నాడు అతను గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆ ముసలాయన. ఉలితో చెక్క అంచు చెక్కుతున్నాడు. పక్కన చాయ్ గ్లాసు.

"ఎవర్నడిగి ముట్టినవ్?"

"అమ్మాయిగారు కాస్త చూడమన్నారండి."

"నేనే పిలిచిన," అంది జ్యోతిక గడపలోంచి. "ఒక్క మొల కొట్టలే. గాడిల దూర్చి ఎట్ల బిగిచ్చిండో సూడు."

మహిపాల్ చూడలేదు. ఆ 'అండి' అతని చెవిలో గుచ్చుకుంది.

"ఏ ఊరు మీది?"

"పుట్టింది శ్రీకాకుళం దగ్గరండి. నా పేరు త్రినాథరావు. చిన్నప్పుడే..."

"సాలు! మా నౌకరీలు గుంజుకున్నరు, మా నీళ్లు గుంజుకున్నరు. ఇప్పుడు మా ఇంట్ల మంచం గూడ మీరే చెయ్యాల్నా? లే ఈడికెల్లి!"

పక్కింటివాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు.

త్రినాథరావు ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"ఇంకో పక్క కూడా బిగించేస్తే ఊడదమ్మా," అని జ్యోతికతో మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

అంతటితో మహిపాల్ కోపం చల్లారలేదు. ఆ సాయంత్రమే కౌసల్యమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఊరంత లొల్లి నడుస్తుంటే ఆంధ్రోనికి కిరాయికిస్తవా? రేపు పోరగాళ్లొచ్చి ఏమన్న చేస్తే నాకు తెల్వదు మల్ల."

"అయ్యో, నాకేం ఎరుక కొడుకా! ఖాళీ చేపిస్త," అందామె భయపడిపోయి.

రెండో రోజు పొద్దున్నే త్రినాథరావు గది ఖాళీ చేశాడు. సమ్మెలో బస్సుల్లేవు. ఒక చేతిలో ట్రంకుపెట్టె, భుజాన సంచి. ఎల్బీనగర్ వైపు నడుచుకుంటూ పోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

గేటు దగ్గరే నిలబడి జ్యోతిక అంతా చూసింది.

"గా పెద్దమనిషి నిన్నేమన్నడు? చెక్క చీలుతదన్నడు. చీలింది. గంతే గదా!"

"నీకు రాజకీయం తెల్వది."

"మనిషి తెలుసు," అంది ఆమె.



మర్నాడు పొద్దున మారయ్య వచ్చాడు. శిబిరానికి పెద్దదిక్కు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయి వచ్చినవాడు. ఆయన మాటంటే మహిపాల్‌కు గురి.

"బిడ్డా, రేపు శిబిరంల అరవై తొమ్మిదోళ్లకు సన్మానం. అందరి పేర్లు రాసిన. ఒక్కడే దొర్కలే. ఎన్నేండ్లసంది ఎతుకుతున్న. మీ ఎన్క గల్లీల ఉంటుండని రాత్రే తెలిసింది. పా, ఇద్దరం పోయి పిలుద్దాం."

"ఎవరు కాకా?"

"త్రినాథ్. వడ్లపని, తలుపులు మంచాలు చేస్తడు."

మహిపాల్ చూపు వాకిట్లో సగం బిగిసిన చెక్క మీద పడింది.

"ఆయన... ఆంధ్రాయన గదా, కాకా?"

"అవ్ మల్ల. మాట్లాడితె ఎవ్వరికైన తెలుస్తది," అని నవ్వాడు మారయ్య. "మమ్ముల అందర్ని ఒక్క లారీల ఏసుకపోయిండ్రు. రెండు మాటలు ఇనంగనే జైలరు యాస గుర్తువట్టిండు. నువ్వు గీడోనివి కాదు గదా, గా ఒక్క ముక్క రాసియ్యి, ఇప్పుడే ఇడుస్తం అన్నడు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. జ్యోతిక గడప దగ్గరికొచ్చింది.

"రాసిచ్చిండా?" అన్నాడు మహిపాల్.

"'నేను ఇక్కడివాణ్ణేనండీ' అన్నడు బిడ్డా, ఆర్నెల్లు మాతోని లోపల్నే ఉన్నడు."