సువార్తమ్మ గొంతు

ఏలికల కోసం చేసే ప్రార్థనను ప్రభుత్వమే తయారుచేసి పంపే రోజులొచ్చాయి. ప్రతి ఆదివారం మందిరం గోడకున్న స్పీకరు దాన్ని వినిపిస్తుంది, అదీ సంఘంలో అందరికీ ఇష్టమైన గొంతుతో. కృష్ణ ఒడ్డున ఆ చిన్న ఊళ్లో ఆ గొంతు సువార్తమ్మది. ఏ మాటనైనా ఆ గొంతుతోనే పలికించేందుకు అధికారులు వచ్చి రికార్డు చేసుకుపోయిన రోజున ఆమె పొంగిపోయింది కూడా.

ఆ వారం ప్రభుత్వం మారింది. దిగిపోయిన నాయకుణ్ణి జైల్లో పెట్టారు. ఆదివారం స్పీకరు సువార్తమ్మ గొంతుతో కొత్త నాయకుణ్ణి దీవించి, ఆపైన అదే కన్నీటి జీరతో, "చెరలో పడినవాడిని మళ్లీ లేవనీయవద్దు ప్రభువా" అంది. సంఘమంతా ఆమెన్ అంది. అలవాటుకొద్దీ సువార్తమ్మ కూడా అనేసింది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారికి అడ్డం వెళ్లింది. "నేనెప్పుడన్నా ఎవరికన్నా చెడు కోరానా అయ్యగారూ?"

"అధికారులకు లోబడమంది కదమ్మా వాక్యం," అన్నాడాయన, స్పీకరు వైపు చూసి గొంతు తగ్గించి.

"లోబడదాం. ఆ పాతాయన మన మందిరానికి తాళం వేయించినప్పుడు కూడా ఆయన మేలే కోరాం. ఇప్పుడు జైల్లో పడ్డాడు. ఇప్పుడే కదండీ ఆయన కోసం ప్రార్థన చెయ్యాల్సింది?"

పాస్టరుగారు బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటి దగ్గర కోడలు అన్నం వడ్డించి, "ప్రార్థన చెయ్యండి అత్తయ్యా" అంది. సువార్తమ్మ కళ్లు మూసుకుని "ప్రభువా" అంది. అచ్చం గోడలోంచి వచ్చినట్టే వినపడింది. ఆగిపోయింది.

"నువ్వు చెయ్యమ్మా," అంది. "ఈ గొంతు వింటే ఎవరనుకుంటాడో దేవుడు."