వెలివేసిన ఇంటి మీదుగా

సముద్రం సెల్ టవర్లను మింగేశాక ఊళ్ళో ప్రతి ఇంటి కప్పు మీదికీ ఒక రేడియో డబ్బా చేరింది. ఒక డబ్బా అందుకున్న మాటను పక్కింటి డబ్బాకి అందిస్తుంది. వేటకెళ్ళిన పడవల మాటలు మాత్రం ముందుగా దానమ్మ ఇంటికే చేరాలి; ఒడ్డున చివరి ఇల్లు అదే. ఒడ్డును కంపెనీకి అమ్మొద్దని ఎదురు తిరిగినందుకు కులపెద్దలు ఆ ఇంటిని వెలివేశారు. దానమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. అందరి మాటలూ మాత్రం ఆమె నెత్తి మీదుగానే పోతాయి.

ఆ సాయంత్రం గాలివాన లేచింది. కులపెద్ద రేడియోలో పడవలన్నిటినీ పేరుపేరునా పిలిచాడు, దానమ్మ మొగుడు తాతారావు పడవను తప్ప.

"మా ఆయన్ని ఎవులైనా సూసినారా బాబూ?" అని దానమ్మ అడిగింది. ఎవరూ పలకలేదు. ఒళ్ళు మండి డబ్బా తీగ పీకెయ్యబోయింది. పీకితే మిగతా ఆడవాళ్ళకీ తన గతే పడుతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతలో సముద్రం మీంచి, ఇంకో పడవలో ఉన్న ఎల్లాజీ గొంతు వినబడింది.

"ఒలే బండెమ్మా, నా పెళ్ళానివి గనక నీతోనే సెప్తన్నాను. తాతారావు పడవ ఇంజను ఆగిపోనాది. తాడేసి మా ఎనకాల లాక్కొస్తన్నాం. మడిసి బాగానే ఉన్నాడు."

"ఎవడ్రా ఆ పేరెత్తింది?" కులపెద్ద గర్జించాడు.

"నా మొగుడు నాతో మాటాడితే తప్పేటి పెద్దయ్యా?" అంది బండెమ్మ. తర్వాత గొంతు పెంచింది. "ఇన్నానయ్యా. ఇనవలసినోళ్ళూ ఇన్నారు. గాలి ముదరకముందే బేగి రండి."