పురిటికొచ్చిన కొంగ

ఒక చెరువు మధ్యలో తుమ్మచెట్టు, దాని కింద ఒక నీటికోడి ఉండేవి. ఏడాది పొడుగునా అక్కడే తిరుగుతుంది గనక చెరువంతా తనదేనని నీటికోడి నమ్మకం.

వానలు వెలిసి చెరువు నిండాక, ఎర్రకాళ్ళ కొంగ ఒకటి నోట్లో పుల్లతో వచ్చి ఆ చెట్టు మీద వాలింది.

"ఎవరే నువ్వు? నాలుగు నెలలుండి పోయేదానికి గూడెందుకే ఇక్కడ? ఇది మా ఊరు!" అని నీటికోడి గయ్యిమంది.

"నన్నెందుకు అడుగుతావు? చెట్టునడుగు," అని కొంగ పుల్లను కొమ్మల మధ్య దోపింది.

నీటికోడికి ఒళ్ళు మండిపోయింది. "గట్టు మీద సుభద్రమ్మ కూర్చుంది చూడు. రోజూ మమ్మల్ని దుర్భిణితో చూసి పుస్తకంలో రాసుకుంటుంది. ఈ ఊరిదెవరో ఆవిడే చెబుతుందిలే!"

సుభద్రమ్మ దుర్భిణి ఎత్తింది. కొంగ కాలికి పచ్చ కడియం కనబడగానే గబుక్కున లేచి నిలబడింది.

"ఓసి నా తల్లీ! నీకు రెక్కలు రాకముందు ఈ చెట్టెక్కి గుర్తుగా ఆ కడియం తొడిగింది నేనేనే. పురిటికి పుట్టింటికొచ్చావా!"

నీటికోడి ముక్కు నీళ్ళలో ముంచి చాలాసేపు పైకి తీయలేదు.

వారం తర్వాత ఎక్కడో చలిదేశం నుంచి బాతుల గుంపు గోలగోలగా వచ్చింది. అందరికంటే ముందు నీటికోడే ఎదురెళ్ళింది.

"దిగండి, బోలెడు చోటుంది," అంది రొమ్ము విరుచుకుని. "కాస్త మెల్లగా మాట్లాడండి మరి. పైన మా ఊరి ఆడపడుచు పురిటికొచ్చింది."