పన్నెండో సర్టిఫికెట్టు

శుక్రవారం సాయంత్రంలోగా ఇంకొక్కరు పాసవకపోతే కెప్టెన్ కుర్చీ పోతుంది.

తెరచాప పడవలు నడపడం నేర్పే శిక్షకులను తయారుచేసే కేంద్రం అది. ఏడాదికి కనీసం పన్నెండు మందికి సర్టిఫికెట్టు ఇవ్వని కేంద్రానికి గుర్తింపు రద్దు చేస్తామని పైవాళ్లు ఉత్తరం రాశారు. పదకొండు మంది అయ్యారు. పన్నెండో మనిషి కోసం కెప్టెన్ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటే, బుధవారం పొద్దున ఒక లెక్కల టీచరు గేటు తోసుకుని లోపలికి వచ్చింది.

యాభై దాటిన మనిషి. జుట్టు గట్టిగా ముడేసుకుంది.

“మూడు రోజుల్లో సర్టిఫికెట్టు వస్తుందాండీ?”

“మీరు రావడమే ఆలస్యం టీచరమ్మా,” అన్నాడు కెప్టెన్.

కెప్టెన్ అనేది ఆయన తనకు తానే ఇచ్చుకున్న హోదా. ఓడ ఎక్కిన దాఖలా లేదు. నల్ల కళ్లద్దాలు, మెడలో ఈల, చేతిలో మైకు, రేవు మీద గొడుగు కింద ఒక కుర్చీ. ఆయన కాళ్లు తడిసి చాలా కాలమైంది. తన సంతకం తీసుకుని వెళ్లినవాళ్లు ఏ నీళ్లలో ఎవరిని దింపుతున్నారో ఆయన ఎన్నడూ అడగలేదు. అడగమని ఉత్తరంలో లేదు.

రాత పరీక్ష టీచరమ్మ అరగంటలో ముగించింది. నూటికి నూరు. కెప్టెన్ చెయ్యి తనంతట తానే మీసం మీదికి వెళ్లింది.

ఆ సంబరం మధ్యాహ్నం దాకానే. రేవు స్తంభం మీద ఎర్రజెండా ఎగురుతోంది. గాలి జోరుగా ఉంది, పడవ దింపొద్దని దాని అర్థం. టీచరమ్మ తలెత్తి జెండాను చూసింది. చూసి, పడవ దింపింది.

“ఓ టీచరమ్మా! జెండా! జెండా!” స్టోర్ కీపర్ గట్టు మీద గంతులేశాడు.

ఆమె ఒడ్డుకు వచ్చి కెప్టెన్ ముందు నిలబడింది. “ఇది తప్పు కదండీ?”

“తప్పంటే తప్పే. మరీ అంత పెద్దదేం కాదులెండి.”

“రాసుకోరా?”

“ఇదేమన్నా మీ పిల్లల పరీక్ష పేపరా, అడుగడుగునా ఎర్రసిరా పూయడానికి!”

శిక్షకులకు పెట్టే పరీక్షలో పడవ నడపడం ఒక్కటే చాలదు, పడవలో ఉన్నవాళ్లను కాపాడుకోవాలి కూడా. అందుకు ముగ్గురు విద్యార్థులు కావాలి. స్టోర్ కీపర్ ఒకడు, వాచ్‌మన్ ఒకడు. మూడో మనిషి దొరక్క, గోనెసంచిలో కొబ్బరిపీచు కుక్కి చిన్నపిల్లంత బొమ్మను చేశారు. స్టోర్ కీపర్ దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టాడు.

గురువారం టీచరమ్మ బుజ్జమ్మకు లైఫ్ జాకెట్ తొడిగింది. కింది పట్టీ బిగించలేదు. స్టోర్ కీపర్ జాకెట్ భుజాలు పట్టి ఎత్తితే జాకెట్ పైకొచ్చింది, బుజ్జమ్మ కింద ఉండిపోయింది.

“ఈమెగారు నేర్పితే నేర్చుకోడానికి మనం మిగలం సార్,” అన్నాడు స్టోర్ కీపర్.

“నోర్ముయ్. గుర్తింపు పోతే అసలే మిగలం.”

“ఇది కూడా తప్పేనాండీ?” అంది టీచరమ్మ.

“కంగారు తల్లీ, కంగారు. కంగారును తప్పనకూడదు.”

శుక్రవారం అసలు పరీక్ష. కాగితం పొద్దున్నే టైపయి, సంతకం కోసం అట్ట మీద సిద్ధంగా ఉంది.

తెరచాపను పట్టి ఉంచే తాడు చేతిలోనే ఉండాలి. గాలి విసురు రాగానే వదిలేయాలి. పుస్తకంలో పెద్దక్షరాలతో అచ్చేసిన మాట. టీచరమ్మ ఆ తాడును కొక్కేనికి పీటముడి వేసి కట్టేసింది. ముడి మాత్రం చూడముచ్చటగా వేసింది.

గాలి ఒక్క విసురు విసిరింది. పడవ బోర్లాపడింది.

స్టోర్ కీపర్, వాచ్‌మన్ తిట్టుకుంటూ పడవ వీపు మీదికి పాకారు. టీచరమ్మ ఈదుకుంటూ పక్కకు వచ్చి చెయ్యెత్తింది.

“అందరం క్షేమం!” పాఠం అప్పజెప్పినట్టు కేకేసింది.

“అందరం ఏంటమ్మా! బుజ్జమ్మేది?” అన్నాడు స్టోర్ కీపర్.

బుజ్జమ్మ తెరచాప కింద ఉంది.

కెప్టెన్ మైకులో పగలబడి నవ్వాడు. “లెక్కల టీచరై ఉండి మూడు దాకా లెక్కపెట్టలేకపోయారే!”

ఆమె నీళ్లోడుతూ రేవు మీదికి వచ్చింది.

“ఇది పెద్ద తప్పండీ. ఫెయిల్ చేయండి. నేనేమీ అనుకోను.”

కెప్టెన్ గడియారం వైపు చూశాడు. నాలుగున్నర అయింది.

“అయ్యో, బొమ్మే కదమ్మా! ఎండలో ఆరేస్తే సరి.”

“బొమ్మ కాకపోతే?”

“అప్పుడు మీరే జాగ్రత్తగా ఉంటారు. అవన్నీ అనుభవం మీద వస్తాయి.”

‘విద్యార్థుల భద్రత’ అన్నచోట ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం గిలికాడు.

“కళ్లారా చూసే రాశారు కదండీ?”

“మీ ఎదురుగానే కదా!”

“తేదీ కూడా వేయండి.”

వేశాడు. అడక్కపోయినా స్టాంపు కూడా గుద్దాడు. గేటు దాకా స్వయంగా సాగనంపాడు. “మీ చేతికింద పడే పిల్లలు అదృష్టవంతులు టీచరమ్మా!” అన్నాడు. తిరిగి వచ్చి కుర్చీలో కాళ్లు బారచాపాడు.

సోమవారం విచారణాధికారి బల్ల మీద ఆ సర్టిఫికెట్టు పెట్టి టీచరమ్మ అంది: “మా అమ్మాయి మునిగిపోయిన రోజు, ఇదే సంతకమున్న సర్టిఫికెట్టుతో తనకు పడవ నేర్పినాయన ఏయే తప్పులు చేశాడో నేనూ అవే చేశానండి, వరస కూడా మార్చలేదు.”