గొర్రెలు లేని సెలవు

మలుపు తిరిగినప్పుడల్లా బండి వెనక తొట్టిలో ఎండిన గొర్రె పెంటికలు గలగలా దొర్లుతున్నాయి.

ఎడమవైపు సముద్రం. ఆ పక్కన లిండల్ కూర్చుంది. ఆమె మొగుడు గార్త్ నడుపుతున్నాడు.

మా మాలీ మెట్టప్రాంతంలో గొర్రెలున్నవాడికి సెలవులుండవు. రోజూ నీళ్లు చూడాలి, కంచె చూడాలి. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఈ సముద్రం దారిని లిండల్ క్యాలెండర్ బొమ్మలోనే చూసింది.

ఇప్పుడు సెలవు దొరికింది. గొర్రెలు లేవు.

రెండేళ్లుగా వాన లేదు. మంద కొన్నవాడు నడవగలిగినవాటిని లారీ ఎక్కించుకుని పోయాడు. నూట నలభై లేవలేకపోయాయి. వాటిని గార్త్ ఒక్కడే, ఒక్కరోజులో, తన రైఫిల్‌తో కాల్చి గోతిలో పూడ్చాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉప్పు అందించమన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

పోయిన వారం కుక్కను పక్క పొలం వాళ్లకు ఇచ్చేశాడు.

"గొర్రెలు లేందే దానికి పనేముంది?" అన్నాడు.

పనికుక్కను ఇచ్చేసిన మగవాడిని ఒంటరిగా వదలకూడదని మా వైపు ఆడవాళ్లకు తెలుసు. లిండల్ ఆ రోజే తమ్ముడు డెస్ దగ్గరికి పరిగెత్తింది.

ఆలోచన చిన్నదే. సముద్రం చూపించమని ఆమె మొగుణ్ణి ఇల్లు కదిలిస్తుంది. ఈలోగా డెస్ వెళ్లి తుపాకుల బీరువా ఖాళీ చేస్తాడు. తాళంచెవి ఎక్కడుందో లైసెన్సున్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదని చట్టం. ముప్ఫై ఏళ్ల కాపురం సంగతి చట్టానికేం తెలుసు!

"గడ్డి చూడు, ఎంత పచ్చగా ఉందో," అన్నాడు గార్త్. "మేపే దిక్కు లేదు. వృథా."

"సముద్రం చూడవయ్యా అంటే గడ్డి చూస్తావేం?"

"చూశాలే. అన్ని నీళ్లున్నాయి, ఒక్క చుక్క పనికిరాదు."

ఇంకో మలుపు దాటాక ఆమె మళ్లీ ఆపమంది.

"మళ్లీనా? నీకేమన్నా చిల్లి పడిందా?"

"ముప్ఫై ఏళ్లు ఆపుకున్నా. ఇక నా ఇష్టం."

అతను నవ్వాడు. వారం నుంచి నవ్వుతూనే ఉన్నాడు. నెల్లాళ్లు నోరు విప్పని మనిషి అంత తేలిగ్గా నవ్వుతుంటే ఆమెకు గుండెల్లో రాయి పడ్డట్టుంది.

అపోలో బే అనే ఊళ్లో బేకరీ ముందు ఆగారు. ఆమె లోపలికి వెళ్లింది. బల్ల వెనకున్నావిడ పొట్లం కడుతూ, "సెలవులా?" అని పలకరించింది.

"అవునండీ. ఇదే మొదటిసారి."

అప్పుడే ఫోనులో డెస్ కబురు వచ్చింది.

"అక్కా, బీరువా తీశా. చిన్న తుపాకీ ఉంది. రైఫిల్ లేదు. ఇల్లంతా వెతకనా?"

లిండల్ కిటికీలోంచి బండికేసి చూసింది. పొద్దున్నుంచి నాలుగు చోట్ల ఆగారు. గార్త్ ఒక్కచోట కూడా దిగలేదు. మోకాళ్ల నొప్పులన్నాడు.

డబ్బులిచ్చింది. మాంసం కూరిన రెండు పైలు పట్టుకుని వెళ్లి, అతని పక్కన కూర్చుంది.

"సాస్ వేయించావా?"

"వేయించా."

అడవి దాటాక మళ్లీ సముద్రం వచ్చింది. కొండ అంచున జనం ఆగి చూసే చోట అతను బండి నిలిపాడు.

"ఇంత దూరం వచ్చింది దీనికోసమేగా. దిగి చూసిరా," అన్నాడు.

"నువ్వూ రా."

"నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది."

"అయితే నాకూ ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది."

ముందు అద్దం నిండా పురుగుల మరకలు. వాటి సందుల్లోంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. పైలు చల్లారిపోయాయి. ఇద్దరూ ముట్టలేదు.

"మొండిఘటానివే నువ్వు."

"మీ అమ్మ పెళ్లినాడే చెప్పింది కదా. నువ్వు వింటేగా?"

వానకోట్లు వేసుకున్న కుర్రజంట ఒకటి వచ్చి అద్దం మీద తట్టింది.

"ఏమీ అనుకోకండి. మా ఇద్దరికీ కాస్త ఫొటో తీసిపెడతారా?"

సాయం అడిగితే కాదనడం మాలీ మనిషికి చేతకాదు. గార్త్ ఒక్క క్షణం లిండల్‌కేసి చూసి, దిగాడు.

ఆమె సీటు వెనక్కి చెయ్యి పెట్టింది. తన గళ్ల దుప్పటే. పొద్దున ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. దాని మడతల్లో పొడుగ్గా, గట్టిగా చేతికి తగిలింది.

బయట గార్త్ కేకలేస్తున్నాడు.

"ఏయ్ బాబూ, అంచుకి పోకు! ఆ మట్టిని నమ్మకూడదు. ఆ అమ్మాయిని ఇటు లాగు. ఇంకా ఇటు. ఆఁ, అక్కడే ఉండండి."

లిండల్‌కు ఏడుపు ముంచుకొచ్చింది.

అతను తిరిగొచ్చి తలుపు తీశాడు. సీటు వెనకున్న ఆమె చెయ్యి చూశాడు. ఎక్కి కూర్చుని మెల్లగా తలుపు వేశాడు.

స్టీరింగ్ పట్టుకుని చెప్పాడు.

"ఇంటి దగ్గరైతే నన్ను ముందు నువ్వే చూడాల్సొస్తుందని."

"ఎక్కడైతేనేం? వచ్చి చూసేది నేనే కదా, గార్త్. నీకింకెవరున్నారు?"



"పొద్దున్నుంచి ఆ ఫోనుకేసే చూస్తున్నావు," అన్నాడు. "డెస్‌కి చెప్పు, ఇల్లు తిరగెయ్యొద్దని."

ఆమె ఒంటిచేత్తో కబురు పంపింది. రెండో చెయ్యి దుప్పటి మీంచి తియ్యలేదు.

అతను ఇంజన్ వేశాడు. బండి మాత్రం కదపలేదు.

"ముందొచ్చే పోర్ట్ క్యాంప్‌బెల్‌లో దీన్ని అప్పజెప్పడానికి పోలీసు స్టేషనుందా?"

"ఉంది," అంది లిండల్ వెంటనే.

ఆ ఊరు ఆమె జన్మలో చూడలేదు.