ఎలుగుబంటి తేనె, తల్లిలేని పిల్లలు

వరదలో తల్లులు కొట్టుకుపోయిన పిల్లలను అడవి జంతువులు ఒక గుహలో ఉంచాయి. వాటిని సాకే పని ముంగిసది. అడవికి పెద్దయిన ఎలుగుబంటి దానికి రోజూ గుప్పెడు రేగుపళ్లు కూలి ఇచ్చేది. ముంగిస సొంత పిల్లలు పస్తులుండేవి.

"అయ్యా, ఇంకాస్త పెంచండి," అని ముంగిస అడిగింది.

"పసివాళ్లను సాకడం పుణ్యం. పుణ్యానికి కూలి పెంచమంటావా?" అంది ఎలుగుబంటి.

ముంగిస ఏడుస్తూనే వెళ్లి ఆ ఎలుగుబంటి తేనెపట్టులకే కాపలాకు కుదిరింది. అక్కడ బుట్టెడు పళ్లు ఇస్తారు. గుహలో దాని పనికి కుందేలు వచ్చింది, వెళ్లిపోయింది. ఉడుతా అంతే. చివరికి అడవికోడి వచ్చి, మూలన ముడుచుకున్న నక్కపిల్లను "నీ పేరేంటి నాన్నా?" అని అడిగింది.

"నువ్వెప్పుడు వెళ్లిపోతావో ముందు చెప్పు," అంది నక్కపిల్ల.

కోడికి ఒళ్లు మండిపోయింది. తేనెచెట్ల కింద కూర్చున్న ఎలుగుబంటి దగ్గరికి తిన్నగా వెళ్లి ఆ మాట చెప్పింది.

"పిల్లలకు ప్రేమ ఉంటే చాలు," అంది ఎలుగుబంటి.

"ప్రేమ ఉన్నవాళ్లకూ ఆకలేస్తుందయ్యా! మరి మీ తేనె కాపలాకు ప్రేమ చాలదేం?" అని కోడి అరిచింది.

అది విని ముంగిస చెట్టు దిగింది. మిగతా కాపలావాళ్లూ దిగేశారు. కోతులు పట్టుల మీద పడ్డాక గాని ఎలుగుబంటి పిల్లలను సాకే పనికి కూలి పెంచలేదు.

ముంగిస గుహకు తిరిగొచ్చింది. నక్కపిల్ల దాన్ని గుర్తుపట్టి కూడా గోడవైపు తిరిగి పడుకుంది. అది మళ్లీ ముంగిస ఒళ్లో తల పెట్టడానికి ఒక వానాకాలం పట్టింది.